వినేది పుల్లలో, కొనేది పుస్తకం: ఒక చెక్క భజన ఆల్బం కేస్ స్టడీ

నేపథ్యం

నెల్లూరులో నాది చిన్న స్టూడియో. రికార్డింగ్, మిక్సింగ్, మాస్టరింగ్ చేస్తాను. సొంత డబ్బుతో పాటలు చేసుకునేవాళ్ళు నా దగ్గరికొచ్చి మొదట మైకుల గురించి అడుగుతారు, తర్వాత మిక్సింగ్ గురించి. అన్నీ అయ్యి చేతిలో డబ్బు కూడా అయిపోయాక "ఇప్పుడు దీన్ని ఎట్లా వదలాలన్నా?" అంటారు. ఆ ప్రశ్న ముందే అడిగిన ఒక బృందం గురించి ఇది. వాళ్ళ నిర్ణయాల్లో కొన్ని ఫలించాయి, కొన్ని బెడిసికొట్టాయి. రెండింటి వెనకా కారణాలు స్పష్టంగా కనిపించాయి కాబట్టి రాసి పెడుతున్నాను. పేర్లు, ఊరు చెప్పను. గుర్తుపట్టేలా ఉన్న వివరాలు తీసేశాను.

ఉదయగిరి వైపు చెక్క భజన బృందం. గురువు డెబ్బై దాటిన పెద్దాయన, అందరూ అయ్యోరు అని పిలుస్తారు. ఆయన మనవడు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ బేస్ గిటార్ వాయిస్తాడు. అయ్యోరి గొంతు, బృందం చెక్కలు, మృదంగం, హార్మోనియం యథాతథంగా ఉంచి, కింద బేస్ మాత్రం కలిపి ఒక ఆల్బం చేయాలని మనవడి ఆలోచన. పదకొండు పాటలు రికార్డయ్యాయి. రికార్డింగ్ ఖర్చు పోగా లక్షకు కాస్త పైన మిగిలింది. ఆ డబ్బుతోనే విడుదల మొత్తం నడవాలి.

పదకొండులో రెండు పాటలు సినిమా బాణీలకు కట్టినవి. భజనల్లో ఇది మామూలే, గుడి అరుగు మీద పాడుకుంటే ఎవరూ అడగరు. రికార్డు చేసి అమ్మితే వేరే సంగతి. మన కాపీరైట్ చట్టంలో 31సి సెక్షన్ కవర్ వెర్షన్లకు దారి ఇస్తుంది గానీ, మూల రికార్డింగు వచ్చి అయిదేళ్ళు దాటాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకు రాయల్టీ కట్టాలి, సాంకేతికంగా తప్పనిసరి అయితే తప్ప పాటలో మార్పులు చేయకూడదు. బాణీ ఉంచి మాటలు మార్చిన పాటలకు ఆ దారి పనికిరాదు. ఆ రెండూ పక్కన పెట్టాం. తొమ్మిది పాటలు, దాదాపు డెబ్బై నిమిషాలు మిగిలాయి. అన్నిటికంటే పొడుగు పాట పద్నాలుగు నిమిషాలు.

సమస్య

ముగ్గురు మూడు రకాలుగా ఉన్నారు. మనవడికి ఎల్పీ రికార్డు కావాలి, దాంతోపాటు స్పాటిఫై, జియో సావన్ లాంటి చోట్ల పాటలు ఉండాలి. బృందంలో నడివయసు వాళ్ళకు సీడీ కావాలి. ఇరవై ఏళ్ళ కిందట వాళ్ళు జాతరల్లో క్యాసెట్లు, సీడీలు అమ్మి చేతిలో డబ్బు చూసినవాళ్ళు. అయ్యోరు రెండూ విని ఒకే మాట అన్నారు: "సీడీ ఏడ పెట్టేది అబ్బయా? మన పెట్టెకి పుల్ల గుచ్చే బెజ్జమే ఉండాది."

పెట్టె అంటే చక్రాల స్పీకరు, పుల్ల అంటే పెన్‌డ్రైవ్. రాత్రి ఎనిమిదింటికి రామాలయం ముందు ఆ పెట్టె పెట్టుకుని సాధన చేస్తారు. చుట్టుపక్కల ఊళ్ళలోనూ, కనిగిరి, పామూరు వైపు బృందాల్లోనూ ఇదే పద్ధతి.

వినేవాళ్ళను అడిగిన తీరు

ఏ రూపం కావాలో తేల్చడానికి మనవడు తెలిసిన బృందాలన్నిటికీ ఫోన్లు చేశాడు. "సీడీ వేస్తే కొంటారా?" అంటే "తప్పకుండా కొంటాం" అన్నారు. మన వైపు ఎవరైనా అంతే, ఎదుటి మనిషిని చిన్నబుచ్చడం ఇష్టం ఉండదు. అందుకే ప్రశ్న మార్చమన్నాను. ఏం కొంటారని కాకుండా, "నిన్న రాత్రి సాధనలో పాట దేంట్లో పెట్టారు? అది మీ దగ్గరికి ఎట్లా వచ్చింది?" అని అడగమన్నాను. జరిగిపోయిన పని గురించి అడిగితే మర్యాదకు చోటుండదు.

అప్పుడు అసలు బొమ్మ కనిపించింది. పాట మొదట యూట్యూబ్‌లో దొరుకుతుంది. కుర్రాళ్ళు దాన్ని ఎట్లాగో ఫోన్లోకి దింపుతారు, లేదా సెల్ షాపులో మెమరీ కార్డుకో పుల్లకో ఎక్కించుకుంటారు. అక్కణ్ణుంచి పెట్టెలోకి. పాట మాటలు మాత్రం ఎవరో ఒకరు విని నోటు పుస్తకంలో రాసుకుంటారు. సీడీ ఊసు ఎవరి నోటా రాలేదు. కువైట్లో, హైదరాబాదులో ఉన్న పిల్లలు మాత్రం ఫోన్ యాప్‌లో వింటామన్నారు.

ఇక్కడ నా ఆలోచన రెండు ముక్కలైంది. వినే రూపం వేరు, డబ్బిచ్చి కొనే రూపం వేరు. క్యాసెట్ కాలంలో రెండూ ఒకటే వస్తువు, అందుకే బృందం వాళ్ళకు ఆ లెక్క అట్లా పాతుకుపోయింది. ఇప్పుడు వినడానికి ఎవరూ కొనక్కర్లేదు. మరి చేతికి ఏమిస్తే డబ్బిస్తారు? ఈ ప్రశ్నను వేరుగా పెట్టుకున్నాం.

పక్కన పెట్టినవి

ఎల్పీ గురించి మనవడితో చాలాసేపు వాదన జరిగింది. వినైల్ మీద, అంటే ఆ ఎల్పీ రికార్డుల మీద, నాకు గౌరవమే. కానీ పన్నెండు అంగుళాల రికార్డులో ఒక్కో వైపు హాయిగా పట్టేది ఇరవై నిమిషాల లోపు. డెబ్బై నిమిషాలంటే రెండు డిస్కులు, ఖర్చు రెట్టింపు. ఇంకోటి, చెక్కల శబ్దం. అరచేతిలో పట్టే కొయ్య ముక్కలు, వాటికి లోహపు బిళ్ళలు. పదిమంది ఒక్కసారి కొడితే పై ఫ్రీక్వెన్సీలో సూదుల్లా దూసుకొస్తుంది. గాడి కోసేటప్పుడు ఇట్లాంటి శబ్దానికి వాల్యూమ్ తగ్గించక తప్పదు, డిస్కు లోపలి గాళ్ళకు పోయేకొద్దీ శబ్దం చెదరడం పెరుగుతుంది. మొత్తం డబ్బు దానికే పోయి, ఊళ్ళో ఒక్కరు కూడా వినలేని వస్తువు మిగులుతుంది. ఈ ఆఖరి మాటకు అతను ఒప్పుకున్నాడు.

సీడీ సంగతి త్వరగా తేలింది. ఫ్యాక్టరీలో అచ్చు వేయించాలంటే వందల్లో ఆర్డరు ఇవ్వాలి. కొద్ది కాపీలు కంప్యూటర్లో రాయించుకుంటే వాటి రంగు పొర ఎండకు, వేడికి చెడుతుంది. మన ఎండల్లో మే నెలంతా జాతర దుకాణంలో పెట్టుకునే సరుకు కాదది. కొత్త కార్లలో సీడీ పెట్టే చోటే లేదు.

పుల్లలతో ప్రయోగం

అందరికీ నచ్చింది పెన్‌డ్రైవ్. వింటున్నది దాంట్లోనే కదా, దాన్నే అమ్మితే సరి అనుకున్నారు. తర్కం బాగానే ఉంది. కొద్దిగా తెప్పించి, బృందం బొమ్మ అంటించి, పాటలు ఎక్కించి పరీక్షగా ఇచ్చాం. అన్ని వైపుల నుంచీ ఫిర్యాదులే.

మొదటిది: మనవడు తన మ్యాక్ ల్యాప్‌టాప్ నుంచి కాపీ చేశాడు. మ్యాక్ ఇట్లాంటి డ్రైవుల్లో ప్రతి ఫైలు పక్కనా అదే పేరుతో ఒక దాచిన చిన్న ఫైలు రాస్తుంది. కంప్యూటర్లో అది కనిపించదు. చౌక స్పీకరు మాత్రం దాన్నీ పాట అనుకుంటుంది. తొమ్మిది పాటలు పద్దెనిమిది అయ్యాయి, ఒకటి మోగి ఒకటి మూగ.

రెండోది: పాటల వరస. చాలా చౌక ప్లేయర్లు ఫైళ్ళను పేరు ప్రకారం వరస పెట్టవు, డ్రైవులోకి ఏది ముందు రాస్తే అది ముందు మోగిస్తాయి. గణపతి ప్రార్థన మధ్యలో వచ్చింది, మంగళహారతి మొదట వచ్చింది. "హారతి పాడేసినాక ఇంకేం ఆడేది?" అని ఒక బృందం పెద్ద ఫోన్ చేశాడు. ఆయన కోపం న్యాయమే.

మూడోది: తెలుగులో పెట్టిన ఫైలు పేర్లు పెట్టె తెర మీద గళ్ళుగళ్ళుగా కనిపించాయి. కొన్ని డ్రైవులు ఎక్స్‌ఫ్యాట్ అనే కొత్త పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండడంతో పాత కార్లు, పాత పెట్టెలు అసలు చదవలేదు. వాటికి ఫ్యాట్32 అనే పాత పద్ధతి కావాలి.

ఇవన్నీ సరిచేయగలిగినవే, చేశాం కూడా. దాచిన ఫైళ్ళు తుడిచాం, ఫ్యాట్32 చేసి పాటలను ఒక్కొక్కటే వరసగా రాశాం, ఫైలు పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ముందు 01, 02 అంకెలతో పెట్టాం, పాటలో పొదిగిన అట్టబొమ్మ సైజు బాగా తగ్గించాం. సరిచేయలేనిది ఒకటి మిగిలింది. డెబ్బై నిమిషాల పాటలు 320 కేబీపీఎస్ (దీన్నే బిట్‌రేట్ అంటారు, పాటలో సెకనుకు ఎంత డేటా ఉందో చెప్పే కొలత) ఎంపీ3లో 170 ఎంబీ లోపే. బజార్లో దొరికే చిన్న పుల్ల కూడా దానికి ఎన్నో రెట్లు పెద్దది. మిగతా జాగా ఖాళీ. కొన్నవాళ్ళు దాన్లో సినిమా పాటలు, పెళ్ళి ఫొటోలు నింపారు, చోటు చాలనప్పుడు మన పాటలు తీసేశారు. కొన్న వస్తువు విలువ పుల్లకే గానీ పాటకు కాదని అక్కడ తేలింది. అందులోనూ చౌక సరుకులో రాసిన సైజు ఒకటి, లోపల నిజంగా పట్టేది ఇంకొకటి. పుల్ల పాడైతే జనం తిట్టేది దాన్ని తయారుచేసినవాణ్ణి కాదు, అయ్యోరిని. పుల్లల అమ్మకం ఆపేశాం.

పాటను ఆ పెట్టెకు తగ్గట్టు చేయడం

పరీక్ష కాపీలు పెట్టెలో విన్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. స్టూడియోలో చెక్కలను రెండు మైకులతో దూరదూరంగా పెట్టి వెడల్పుగా రికార్డు చేశాను. హెడ్‌ఫోన్లో మన చుట్టూ ఆడుతున్నట్టు ఉంటుంది. పెట్టె మాత్రం ఎడమ, కుడి రెంటినీ కలిపి ఒకటిగా మోగిస్తుంది. అట్లా కలిసినప్పుడు ఒక మైకు అల ఇంకో మైకు అలను కొంత చెరిపేస్తుంది, చెక్కలు పల్చబడతాయి. చెక్క భజనలో చెక్కలే పల్చబడితే అడుగు పడదు.

అందుకని ఒకే ఆల్బానికి రెండు మాస్టర్లు, అంటే విడుదలకు పంపే ఆఖరి రూపాలు, చేశాం. యాప్‌ల కోసం వెడల్పు మిక్స్, మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ దగ్గర (పాట మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత ఇది, సున్నాకు దగ్గరయ్యేకొద్దీ గట్టి). స్పాటిఫై మామూలుగా ఆ మట్టానికే అన్ని పాటల వాల్యూమ్‌ను సర్దుతుంది, యూట్యూబ్ ఎక్కువున్నదాన్ని దాదాపు అక్కడికే తగ్గిస్తుంది. కాబట్టి అంతకంటే గట్టిగా వినిపించేలా చేసి ఉపయోగం లేదు. పెట్టె కోసం ఇంకోటి: చెక్కలు నడిమధ్యన, మైనస్ 10 దగ్గర. పెట్టెలో ఎవరూ వాల్యూమ్ సర్దరు, ముందు మోగిన సినిమా పాట పక్కన మనది నీరసంగా వినిపించకూడదు. పాట మొదట్లో అయ్యోరు వేసే తాళం లెక్క కూడా దీంట్లో ఉంచేశాం, ఆడేవాళ్ళకు అదే గుర్తు.

ఎంపీ3 నాణ్యత మీద కూడా గట్టిగా కూర్చున్నాను. జాగా మిగిలి ఉండగా 128 కేబీపీఎస్‌లో పెట్టడానికి కారణం లేదు సరే, చెక్కలకు అది ప్రత్యేకంగా చెరుపు. కోడెక్‌లను, అంటే ఎంపీ3 లాంటి కుదింపు పద్ధతులను, పరీక్షించేవాళ్ళు క్యాస్టనెట్స్ ధ్వనిని వాడడం పాత అలవాటు. స్పెయిన్ వాళ్ళ చేతిచెక్కలవి, మన వాటికి దగ్గరి చుట్టాలు. దెబ్బ పడటానికి ముందే ఒక మసక శబ్దం మొదలవుతుంది, దాన్ని ప్రీ ఎకో అంటారు. బిట్‌రేట్ తగ్గేకొద్దీ అది బయటపడుతుంది. 128లో మన చెక్కలు ఇసుక రాలినట్టు వినిపించాయి. 320 స్థిర బిట్‌రేట్ ఎంచుకున్నాం. మారే బిట్‌రేట్‌తో కొన్ని పాత ప్లేయర్లు తికమక పడతాయి. యాప్‌లకు, యూట్యూబ్‌కు మాత్రం కుదించని వేవ్ ఫైలే ఇచ్చాం. వాళ్ళు ఎటూ మళ్ళీ కుదిస్తారు, కుదించినదాన్ని ఇస్తే రెండుసార్లు నష్టం.

యాప్‌ల వైపు నిర్ణయాలు

స్ట్రీమింగ్ నుంచి డబ్బు వస్తుందని ఎవరికీ ఆశ పెట్టలేదు. 2024 నుంచి స్పాటిఫైలో గత పన్నెండు నెలల్లో 1,000 సార్లు వినని పాటకు రాయల్టీ లెక్కలోకే రాదు. పాట ముప్పై సెకన్లు దాటితే ఒక స్ట్రీమ్, ఆ పైన పద్నాలుగు నిమిషాలున్నా అదే ఒకటి. అందుకని పొడుగు పాటలకు యాప్‌ల కోసం నాలుగైదు నిమిషాల కూర్పులు చేశాం, పూర్తి నిడివి యూట్యూబ్‌లోనూ ఫైళ్ళలోనూ ఇచ్చాం. కూర్పు మారితే ఐఎస్ఆర్‌సీ నంబరు (ఒక్కో రికార్డింగుకు ఇచ్చే గుర్తింపు సంఖ్య) కూడా మారాలి, ఇది చాలామంది మర్చిపోతారు.

డిస్ట్రిబ్యూటరు, అంటే మన పాటలను యాప్‌లకు చేర్చే సంస్థ, ఎంపికలో నేను చూసింది ఒక్కటే: ఏటా డబ్బు కట్టడం మానేస్తే పాటలు తీసేస్తారా? ఇట్లాంటి బృందం మూడో ఏడు చందా కట్టడం మర్చిపోతుంది. ఒకసారి కట్టి వదిలేసే పద్ధతి ఉన్నవాళ్ళను పట్టుకున్నాం. యాప్‌లు కూడా శాశ్వతం కావు. రెస్సో యాప్ 2024 జనవరిలో మన దేశంలో ఆగిపోయింది, అదే ఏడు వింక్ కూడా మూతపడింది. అసలు మాస్టర్లు 24 బిట్ వేవ్‌లో రెండు హార్డ్ డిస్కుల్లో, ఒకటి ఊళ్ళో ఒకటి బెంగళూరులో ఉంచాం.

అందరికంటే ఎక్కువ ఆలోచించింది యూట్యూబ్ కంటెంట్ ఐడీ గురించి. డిస్ట్రిబ్యూటరు ఫారంలో ఒక టిక్కు పెడితే చాలు, మన పాట వాడిన వీడియోలన్నిటి మీదా క్లెయిమ్, అంటే ఆ పాట మాదని హక్కు నోటీసు, పడుతుంది. మనవడు పెడదామన్నాడు. నేను వద్దన్నాను. ఈ పాటల్లో సగం సంప్రదాయం నుంచి వచ్చినవి, పామూరు బృందం అదే పాట తన గొంతుతో పాడుకున్నా బాణీ పోలికతో క్లెయిమ్ పడే అవకాశం ఉంది. పైగా మన పాట పెట్టుకుని వాళ్ళు ఆడిన వీడియోలే మనకు ప్రచారం. అయ్యోరు దగ్గర నేర్చుకున్నవాళ్ళ మీద అయ్యోరి పేరుతో నోటీసు పోవడం ఏం బాగుంటుంది? ఆ మాటతో మనవడు టిక్కు తీసేశాడు.

పనిచేసింది

కొనే వస్తువు ఏది అనే ప్రశ్నకు జవాబు ఆ ఫోన్ సంభాషణల్లోనే ఉంది. అందరూ మాటలు విని రాసుకుంటున్నారు, తప్పులు రాసుకుంటున్నారు, చరణాలు వదిలేస్తున్నారు. జాతరల్లో ఇప్పటికీ పాటల పుస్తకాలు అమ్ముడుపోతాయి. కాబట్టి ఆల్బం చేతికిచ్చే రూపం పుస్తకం కావాలి అన్నాను. పదహారు పేజీల ఫారాలు రెండు, ముప్పై రెండు పేజీలు, మధ్యలో పిన్ను. తొమ్మిది పాటల పూర్తి సాహిత్యం, ప్రతి పాటకూ తాళం, అడుగుల వరస అయ్యోరు చెప్పినట్టే. రాత్రి బల్బు వెలుతురులో, నేల మీద పెట్టి చూసుకుంటూ ఆడతారు కాబట్టి అక్షరాలు 16 పాయింట్లు. డీటీపీ వాళ్ళు కొంచెం విసుక్కున్నారు. మనవడు యూనికోడ్‌లో టైపు చేసి తెస్తే వాళ్ళ పాత ఫాంట్లలోకి మార్చేటప్పుడు వత్తులు చెదిరాయి. ప్రూఫు అయ్యోరు చేత చదివించాం, ఆయన పేజీ పేజీకీ తప్పు పట్టుకున్నారు.

వెనక అట్ట మీద క్యూఆర్ కోడ్. లోపలి లింకును తర్వాత మార్చుకోగలిగే ఉచిత క్యూఆర్‌లు కొన్ని గడువు తర్వాత పనిచేయవు, అచ్చయిన పుస్తకాన్ని వెనక్కి పిలవలేం. అందుకని సొంత డొమైన్ కొని, దాని చిరునామానే కోడ్‌గా వేశాం. ఆ పేజీలో యూట్యూబ్, యాప్‌ల లింకులు, దాంతోపాటు పెట్టె కోసం చేసిన ఎంపీ3లు నేరుగా దింపుకునే బటన్. ఫోన్ తిరగనివాళ్ళకు, "మీ పుల్ల తెచ్చుకోండి, ఎక్కించి ఇస్తాం" అన్నాం. ఉదయగిరిలో, కనిగిరిలో కొన్ని సెల్ షాపులకు ఫైళ్ళు మనమే ఇచ్చాం. వాళ్ళు ఎటూ ఎక్కిస్తారు. చెడ్డ కాపీ తిరగడం కంటే వరస సరిగ్గా ఉన్న మంచి కాపీ తిరగడం నయం.

ఫైళ్ళు ఉచితంగా ఇస్తే పుస్తకం ఎవరు కొంటారని బృందంలో టెన్షన్ పడ్డారు. జరిగింది మాత్రం దానికి తిరగబడి. పాట ఉన్న ప్రతి బృందానికీ మాటలు కావాల్సి వచ్చాయి, అవి ఒక్క పుస్తకంలోనే ఉన్నాయి. బృందానికి ఒకటి కొంటారనుకుంటే ఆడే పిల్లలందరికీ తలా ఒకటి కొన్న ఊళ్ళున్నాయి. ధనుర్మాసంలో విడుదల చేశాం, అప్పటి నుంచి శ్రీరామనవమి దాకా సాధన ఊపందుకునే కాలం. అయిదు వందల మొదటి అచ్చు నవమికి ముందే అయిపోయింది. అచ్చు ఖర్చు వచ్చి, రికార్డింగ్ ఖర్చులో కొంత భాగం కూడా వెనక్కొచ్చింది. యాప్‌లలో వెయ్యి దాటినవి రెండు పాటలే. అయినా కువైట్ పిల్లలు అక్కడ విని, ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోన్ చేసి పుస్తకం తెమ్మన్నారు, అట్లా యాప్‌లూ ఉపయోగపడ్డాయి.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

ఇప్పుడు ఎవరొచ్చినా రికార్డింగుకు ముందే, వినేవాళ్ళు నిన్న దేంట్లో విన్నారో కనుక్కుని రమ్మంటున్నాను. అది తెలిస్తే మైకులు పెట్టే తీరే మారుతుంది, చెక్కల సంగతి అదే కదా. ఇదే జవాబు అందరికీ సరిపోతుందని మాత్రం అనను. మొన్న నెల్లూరు నుంచే ఒక కుర్ర బ్యాండ్ వచ్చింది, వాళ్ళ శ్రోతలు కాలేజీ పిల్లలు, చేతికిచ్చే వస్తువు టీ షర్టు అని తేలింది. పాటల పుస్తకం వాళ్ళకు దండగ.

ఈ బృందం రెండో అచ్చుకు సిద్ధమవుతోంది. కనిగిరి వాళ్ళు అడిగిన మార్పు ఒకటి చేరుస్తున్నాం: కష్టమైన మూడు పాటలకు నిదానంగా నడిచే సాధన ట్రాక్‌లు. కంప్యూటర్లో సాగదీస్తే చెక్కలు చెదురుతున్నాయని అయ్యోరి చేత మళ్ళీ వాయించి రికార్డు చేశాం. మనవడు మాత్రం వినైల్ వదల్లేదు. ఒక్కొక్క కాపీ విడిగా కోసి ఇచ్చేవాళ్ళున్నారని కనుక్కుని, ఏడంగుళాల రికార్డు తన కోసం ఒకటి, అయ్యోరి కోసం ఒకటి చేయిస్తున్నాడు. నిమిషానికి 45 చుట్ల వేగంలో ఒక వైపు పట్టేది నాలుగైదు నిమిషాలే కాబట్టి యాప్‌ల కోసం చేసిన చిన్న కూర్పునే, చెక్కల పై ఫ్రీక్వెన్సీ కొంచెం దించి పంపాను. ఆ ఖర్చు ఆల్బం లెక్కలో వేయొద్దని వాళ్ళ అమ్మ గట్టిగా చెప్పింది.